గ్లైకాల్ సీసాలో పాకం

ఫిబ్రవరి 15, ఆదివారం

కంపెనీ వాడు ఏటా తేదీలు అచ్చెయ్యని ఒక డైరీ ఇస్తాడు. మిగతావాళ్ళు దాన్ని పిల్లల చిత్తు లెక్కలకి ఇచ్చేస్తారు. నేను మాత్రం పదేళ్ళుగా ఒకే పనికి వాడుతున్నాను. ఎవరిని ఎప్పుడు ఎలా ఏడిపించానో రాసుకుంటాను. టెన్త్ తప్పినవాడి రాత కాబట్టి మా ఆవిడ బాల ఎంత ప్రయత్నించినా నాలుగో లైను దాటలేదు. అదే దీనికి తాళం.

ఈరోజు బావగారి వంతు.

అనంతరామయ్య గారు నాకు చుట్టం కాదు, పక్కం కాదు. పద్దెనిమిదేళ్ళ క్రితం ఈ పరాయి దేశంలో యీషున్ అనే పేటలో మా పక్క ఫ్లాట్‌లో ఉండేవారు. ఆయన భార్య లక్ష్మీదేవి గారు మొదటి రోజే తలుపు కొట్టి, "తమ్ముడూ, కాస్త చింతపండు ఉంటే పెట్టు" అంది. ఆవిడ అక్క అయింది కాబట్టి ఆయన బావ అయ్యాడు. బావ అన్నాక వదలకూడదు. మా తణుకు వైపు పెళ్ళిలో బావ కాఫీలో ఉప్పు కలపని బామ్మర్దిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేనిప్పటికి ఆయన చెప్పులు రెండూ ఎడమకాలివి చేశాను, కళ్ళజోడుకి కొబ్బరినూనె రాశాను, ఆయన పేరు మీద ఆయనకే పెళ్ళిచూపులకి పిలుపు రాశాను. ముసలి కొంగ, ప్రతిసారీ పడతాడు. పడ్డాక ఐదు నిమిషాలు తిట్టి, ఆ తరువాత అక్కతో కలిసి నవ్వుతాడు.

వాళ్ళిప్పుడు సెరంగూన్‌లో ఉంటున్నారు. బావగారు ఇక్కడ ఫొటో ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళు చేశారు. ల్యాబ్ మూతపడినా పిచ్చి మూతపడలేదు. పెట్టెలాంటి పాత కెమెరాతో ఫిల్మ్ రోలుకి పన్నెండు ఫొటోలు తీస్తారు. కడగడం ఇంట్లోనే. కడిగే మందు, అదే డెవలపర్, అదీ వంటింట్లోనే కలుపుకుంటారు.

ఈరోజు కలుపుతుంటే వెళ్ళాను. స్టవ్ మీద వేడినీళ్ళ గిన్నె, అందులో గాజు జాడీ, జాడీలో పావులీటరు గ్లైకాల్. సబ్బులు చేసుకునేవాళ్ళకి సామాన్లమ్మే కొట్లో కొంటారట. చూడ్డానికి నీళ్ళకంటే చిక్కన, నూనెకంటే పలచన. మా జురాంగ్ ఐలాండ్ కెమికల్ ప్లాంటులో ఇలాంటివే నేను ట్యాంకర్లలోకి ఎక్కిస్తాను. ఈయన పావులీటరుకి చేసే పూజ చూస్తే నవ్వొస్తుంది. బంగారం తూచే కాటా మీద ఫెనిడోన్ అనే తెల్లపొడి చిటికెడు, విటమిన్ సి పొడి కాస్త ఎక్కువ. థర్మామీటరు డెబ్బై చూపించాక పొడులు వేసి గాజు పుల్లతో తిప్పుతూ కూర్చోవాలి.

"గ్లిజరిన్ కూడా పనికొస్తుందోయ్ మూర్తీ, కానీ మరీ చిక్కన. సిరంజిలోకి ఎక్కదు. అసలు నీళ్ళు మానేసి ఇదెందుకూ అంటే..."

మొదలుపెట్టాడు పాఠం. నేను విన్నట్టు తల ఊపుతున్నాను. నా చూపు జాడీ మీద ఉంది. సంచిలో రెండు మంచినీళ్ళ సీసాలు, ఒకటి ఖాళీ, రెండోదానిలో నేను పొద్దున్నే ఇంట్లో కాచిన పంచదార పాకం. రంగు రాకుండా, తీగ సాగకుండా, సరిగ్గా గ్లైకాల్‌లా. మూడుసార్లు పాడుచేసి నాలుగోసారి కుదిర్చాను.

ఆయన కూతురు కల్పన ఫోన్ చేసింది. వంటింట్లో ఫ్యాను రొదకి వినపడక ఆయన హాల్లోకి వెళ్ళారు. జాడీలోది నా ఖాళీ సీసాలోకి, నా పాకం జాడీలోకి. అర నిమిషం.

నా లెక్క ఏమిటంటే, పొడులు కరగవు, లేదంటే అడుగంటి ఇల్లంతా జీళ్ళ వాసన కొడుతుంది, ముసలాయన ముక్కు ఎగబీలుస్తూ ఫ్లాటంతా తిరుగుతాడు. ఏమీ కాలేదు. పొడులు ఇట్టే కరిగిపోయాయి.

"ఈసారి ఎంత తొందరగా కరిగిందో చూడు. చెయ్యి తిరగడమంటే ఇదీ" అన్నారు.

పొట్ట పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళి నవ్వుకున్నాను. అక్కడే చెప్పేస్తే పస లేదు. ఆగస్టులో ఆయన పుట్టినరోజుకి పదిమంది వస్తారు. అప్పుడు చెప్తాను.

అక్క పులిహోర చేసింది. నేనూ బావగారూ తిన్నాం. అక్క మాత్రం పళ్ళెం దగ్గరికి రాలేదు. ఎందుకో అడగలేదు.

మార్చి 9

బావగారు రోలు కడిగారు. అన్నీ నిగనిగలాడుతూ వచ్చాయి. పాకంలో కడిగిన ఫొటోలు ప్రపంచంలో ఇవే అయివుంటాయి. ఇంకా రుచిగా ఉంటుంది ఆగస్టు.

ఏప్రిల్ 22

అక్కకి రొమ్ములో గడ్డ. మంచిది కాదన్నారు.

ఈ డైరీలో ఇలాంటివి రాయడం నాకు అలవాటు లేదు. ఏం రాయాలో తెలియడం లేదు.

మే 30

కీమో రెండోది అయింది. మాత్రల డబ్బా బావగారి చేతిలో చూశాను. వారానికి ఏడు అరలు, రోజుకి మూడు వరసలు. ఫెనిడోన్ తూచినట్టే కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని ఒక్కో మాత్రా వేస్తున్నారు. నర్సు చూసి, అంకుల్ మా దగ్గర ఉద్యోగానికి రండి అందట. అక్క అది నాకు మూడుసార్లు చెప్పింది.

జూన్ 14

అక్క జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతిలోకి వస్తోంది. రేపు కల్పన మొత్తం తీసేస్తుంది. ఈ రోజే ఫొటోలు తియ్యమంది అక్క.

కల్పన ఫోన్ తీసింది. "ఫోన్‌లోనే తీస్తే చాలు లా, ఎందుకమ్మా ఆ పాత డబ్బా" అంది, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర లా తగిలించి.

"వద్దు తల్లీ. ఫోనులోది నాలుగు గ్రూపులు తిరిగి నాలుగు ఊళ్ళకి వెళ్తుంది. జబ్బు మొహం ఎవరికీ పంచను. మీ నాన్న పెట్టెలో పడితే మా ఇంట్లోనే ఉంటుంది" అంది అక్క.

కిటికీ పక్కన స్టూలు. ఆకుపచ్చ చీర. జడ ఇంకా నడుము దాకా ఉంది, సన్నబడింది గానీ. బావగారు కెమెరాలోకి తల వంచి చూస్తుంటారు, ఆ కెమెరా పద్ధతే అంత. మొదటి మూడూ పాస్‌పోర్టు ఫొటోల్లాగే. అక్క బిగుసుకుని కూర్చుంది. బావగారు, కాస్త నవ్వు లక్ష్మీ అంటే ఇంకా బిగుసుకుంది.

అది నా పని కదా. నాలుగో దానికి గిన్నెలు తోమే పీచు నెత్తిన పెట్టుకుని వెనక నిలబడ్డాను. ఐదోది, అక్క పళ్ళు కనపడేలా నవ్వింది. ఆరోది, నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడోదానికి తనే లేచి తన జడ కొస తెచ్చి నా బట్టతల మీద పెట్టింది. "ఇన్నాళ్ళకి తమ్ముడికి జుట్టొచ్చింది, తియ్యండి" అంది. ఎనిమిది, తొమ్మిది ఎలా వచ్చాయో తెలియదు, బావగారి చేతులే ఊగుతున్నాయి నవ్వుకి. పదోదానికి అక్క నన్ను మర్చిపోయింది. కెమెరా వైపు కాదు, వంచిన ఆయన తల వైపు చూసింది. పదకొండోది, జడ ముందుకు వేసుకుని చేత్తో నిమురుతూ.

"పన్నెండోదానికి నువ్వు బయటికి నడు" అంది. వచ్చేశాను. తలుపు కూడా వేశాను.

ఎంతమందినో ఏడిపించాను గానీ ఒకరిని నవ్వించి ఇంత గర్వపడిన రోజు లేదు.

జూన్ 17

ఖాళీ. పన్నెండూ ఖాళీ.

జూన్ 18

నిన్న రాయలేకపోయాను.

రోలు కడిగేటప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. బావగారు సిరంజితో సీసాలోంచి మందు లాగి, నీళ్ళలో కలిపి, చాకలి సోడా వేసి, డబ్బాలో పోసి పన్నెండు నిమిషాలు ఊపారు. ఆ తరువాత హైపో, ఫిల్మ్ మీద మిగిలిన పూతని కడిగేసే మందు. మూత తీసి రోలు పైకి లాగారు. ఇవతలి నుంచి చూస్తే అవతల కిటికీ కనపడింది. గాజులా ఉంది.

ఆయన భూతద్దం తీసుకుని అంచు చూశారు. అంచున ఫిల్మ్ చేసిన కంపెనీ వాడు వేసే అంకెలుంటాయట. కెమెరా తప్పయితే ఫొటోలు రాకపోయినా ఆ అంకెలు వస్తాయట. అంకెలు కూడా లేవు.

"కెమెరా కాదు. మందు చచ్చింది" అన్నారు. మళ్ళీ అన్నారు. "గ్లైకాల్‌లో కలిపింది నాలుగు నెలల్లో చావదు. రెండేళ్ళయినా చావదు. అందుకే కదా టెస్ట్ ముక్క కూడా ముంచి చూడను. అంటే ఆ రోజు నేనే ఏదో వెయ్యడం మర్చిపోయాను."

సీసా సింకులో ఒంపేసి, కడిగి బోర్లించారు.

అక్క తలకి గుడ్డ కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆయన తడి ఫిల్మ్ అలాగే పట్టుకుని ఉన్నారు. నేను కొక్కెం అందించాను. ఎందుకు అందించానో. ఆరేసుకోవడానికి అందులో ఏముంది.

జూన్ 19

పాకం వల్ల అయివుండదు. మార్చిలో అదే సీసాతో కడిగితే బాగా వచ్చింది కదా. పాకమే కారణమైతే అప్పుడే పోవాలి.

హైపో ముందు పోసి ఉంటాడు. ముసలాయన. కంగారులో ఉన్నాడు.

పాకం వల్ల కాదు.

జూన్ 21

ఫోన్ చేసి ఊరికే అడిగినట్టు అడిగాను. "బావగారూ, ఆ మందు గ్లైకాల్‌లో కాకుండా నీళ్ళలో కలిపితే ఏమవుతుంది?"

"ఫిబ్రవరిలో చెప్పాను కదోయ్. నీళ్ళలో అయితే నెలా, నెలన్నర బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆ తరువాత చస్తుంది. రంగు మారదు, వాసన రాదు. విటమిన్ సి మందుతో అదే ప్రమాదం. నిన్నటిదాకా బతికున్నట్టుంటుంది, ఈరోజు రోలు తినేస్తుంది."

"పంచదార నీళ్ళలో అయితే?"

"పంచదార వేసినా నీళ్ళు నీళ్ళే. ఇదేం ప్రశ్న?"

ఏదో వాగి పెట్టేశాను. కంపెనీ బస్సులో ఉన్నాను. ప్లాంటు గేటు దగ్గర అందరూ దిగిపోయారు. డ్రైవరు వచ్చి భుజం తట్టేదాకా కూర్చునే ఉన్నాను.

జూన్ 22

ఆగస్టులో చెప్పేయొచ్చు. ఎలాగూ ఆగస్టులో చెప్పాలనుకున్నదే.

జూన్ 27

బావగారు మాత్రల డబ్బా ముట్టుకోవడం మానేశారు.

అక్క చెప్పింది. మొన్న సోమవారం డబ్బా నింపడానికి కూర్చుని, ఒక మాత్ర చేతిలో పట్టుకుని గంట సేపు ఉండిపోయారట. వేశానా, వెయ్యలేదా, వేశానా. చివరికి అన్నీ బల్ల మీద ఒంపేసి కల్పనకి ఫోన్ చేశారు.

నేను వెళ్ళేసరికి కల్పన బల్ల ముందు కూర్చుని ఒక్కోటి వేస్తోంది. బావగారు దూరంగా సోఫాలో ఉన్నారు, తాకితే పేలిపోతుందన్నట్టు.

"మా అన్నయ్యకి ఇలాగే మొదలైంది మూర్తీ" అన్నారు. "పొయ్యి మీద పాలు మర్చిపోయేవాడు. చివరికి వదినని ఎవరమ్మా నువ్వు అని అడిగాడు. ఫెనిడోన్ వేశానో లేదో గుర్తులేనివాణ్ణి. పోయింది ఫొటోలు కాబట్టి సరిపోయింది. రేపు ఈ మాత్ర రెండుసార్లు వేస్తే?"

"ఒక్కసారి పొరపాటు పడితే అంత భయమా బావగారూ" అన్నాను. నా నోటితో నేనే. పొరపాటు పడితే అన్నాను.

కల్పన ఇంట్లో ఒకే గది ఖాళీ ఉంది, అదీ చిన్నది. జూలై 13న అక్కని పుంగోల్‌లో తన ఇంటికి తీసుకెళ్ళిపోతుందట. కీమో అయ్యేదాకా. బావగారు ఇక్కడే ఉంటారు, రోజూ ఒకరు వచ్చి చూసి వెళ్తారు.

"నలభై మూడేళ్ళలో పురుళ్ళకి తప్ప ఈయన్ని విడిచి ఉండలేదు" అంది అక్క. నాతో కాదు, గిన్నెలతో.

చెప్పలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

జూలై 3

పాలీక్లినిక్‌లో జ్ఞాపకశక్తి పరీక్ష. కల్పనకి ఆఫీసు. నాకు సెలవు రోజు. తోడు నేనే వెళ్ళాను. ఈ పనికి దేవుడు నన్నే ఎంచుకున్నాడు.

నర్సమ్మ తమిళ అమ్మాయి, నెమ్మదిగా అడిగింది. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంది. ముప్పై ఏళ్ళు మిల్లీలీటర్లు కొలిచిన మనిషి. తొంభై మూడు, ఎనభై ఆరు, అక్కడ ఆగిపోయారు. చొక్కా వెనక తడిసిపోయింది. చివరికి ఈరోజు ఏ వారం అంకుల్ అంది. ఆయన నా వైపు చూశారు. షిఫ్టు వాణ్ణి, నాకూ తెలియదు. నేను గోడ వైపు చూశాను.

ఆ అమ్మాయి ఏదో రాసుకుంది. పదహారో తేదీన పెద్ద డాక్టరుకి చూపించాలట.

తిరిగి వస్తుంటే రైల్లో నాకు హాయిగా అనిపించింది. ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. హాయిగా అనిపించింది. చూశావా, జబ్బు ముందే ఉంది, నీ పాకంతో సంబంధం లేదు, నర్సే తేల్చింది అనుకున్నాను. రెండు స్టేషన్ల దాకా ఆ హాయి ఉంది.

ఎదురు సీట్లో ఆయన వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు. పెదాలు కదులుతున్నాయి. డెబ్బై తొమ్మిది. డెబ్బై రెండు. అరవై ఐదు. రెండు దాకా వెళ్ళారు. ఒక్కటి కూడా తప్పలేదు.

జూలై 5

బాల బియ్యం డ్రమ్ము జరిపింది.

"ఏవండీ, ఈ సీసా ఏమిటి? నూనెలా ఉంది, వాసన లేదు. రేపు మన అమ్మాయి నీళ్ళనుకుని తాగితే?"

ఐదు నెలలుగా ఆ గ్లైకాల్ సీసా నా వంటింట్లోనే ఉంది. మంచినీళ్ళ సీసాలో. నేను మర్చిపోయాను. మర్చిపోవడమంటే ఇదీ.

లాక్కున్నాను. నా మొహం చూసి బాల స్టవ్ ఆపేసింది. చెప్పాను. పాకం నుంచి రైలు దాకా అంతా చెప్పాను. తను తిడుతుందనుకున్నాను. డ్రమ్ము మళ్ళీ దాని చోటికి జరిపింది.

"పెళ్ళయిన కొత్తలో నా సూట్‌కేసులో కప్పని పెట్టారు. అప్పుడు అందరూ నవ్వారని నేనూ నవ్వాను" అంది చివరికి. "నాకు నవ్వు రాలేదండీ. ఈ పాతికేళ్ళలో ఎప్పుడూ రాలేదు."

నాకు ఆ కప్ప గుర్తే లేదు.

"రేపు మీరు వెళ్ళి చెప్తారా, నేను చెప్పనా?"

జూలై 6

చెప్పాను.

హాల్లో ఫొటోలు పెద్దవి చేసే యంత్రం దుప్పటి చుట్టి గుమ్మం పక్కన పెట్టి ఉంది. ఎవరో స్టూడెంటుకి ఇచ్చేస్తున్నారట. దాని పక్కనే నిలబడి చెప్పాను. కల్పన ఫోన్ వచ్చినప్పుడు జాడీ మార్చానని, అది పంచదార పాకమని, అందుకే తొందరగా కరిగిందని, నాలుగు నెలల్లో చచ్చిందని. ఆయన చెయ్యి తప్పలేదని. బుర్ర బాగానే ఉందని.

బావగారు అంతా విన్నారు. ఆయన కొట్టినా బాగుండేది. నవ్వారు. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

"నువ్వు మంచివాడివోయ్ మూర్తీ" అన్నారు. "పద్దెనిమిదేళ్ళుగా నన్ను ఏడిపించడానికి అబద్ధాలు చెప్పావు. నన్ను ఓదార్చడానికి చెప్పడం ఇదే మొదటిసారి. లక్ష్మీ, తమ్ముడికి కాఫీ ఇవ్వు."

నేను ఒట్టు వేశాను. పోయిన ఏడాది పెళ్ళిచూపుల పిలుపు నాది కాదని కూడా ఇలాగే ఒట్టేశావు అన్నారు.

కాఫీ తాగాను. ఉప్పు లేదు. ఉంటే బాగుండుననిపించింది.

జూలై 7

డ్యూటీ నుంచి తిన్నగా సెరంగూన్ వెళ్ళాను. గ్లైకాల్ సీసా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ఇదిగో, మీ జాడీలోది, చూసుకోండి.

"మీ ఐలాండ్‌లో ట్యాంకర్లకి ట్యాంకర్లు పోతుంది కదోయ్. ఒక సీసా తేవడం నీకో లెక్కా? నాకోసం గేటు దగ్గర దొరికిపోతే ఉద్యోగం పోతుంది. ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు."

ఆయన కలిపిన సీసా కడిగి బోర్లించేశారు. అందులో చుక్క లేదు. పాకం కాచింది నా ఇంట్లో, చూసినవాడు లేడు. బాల సాక్ష్యం చెప్తుందంటే, నువ్వు నేర్పి ఉంటావు అన్నారు. నన్ను నమ్మే కారణం ఒక్కటి కూడా నేను మిగల్చలేదు.

అక్క లిఫ్టు దాకా వచ్చింది. తలగుడ్డ జారితే సర్దుకోలేదు.

"తమ్ముడూ. నా మొహం చూసి చెప్పు."

చూశాను. చూస్తూ నిలబడ్డాను. లిఫ్టు వచ్చింది, వెళ్ళిపోయింది, మళ్ళీ వచ్చింది.

"నువ్వు ఎక్కు" అంది అక్క.

జూలై 9

ఇది డైరీలో కాదు, లోడింగ్ చెక్‌లిస్టు కాగితం వెనక రాస్తున్నాను. డైరీ అక్క చేతిలో పెట్టి వచ్చాను.

ఇంతకుమించి దారి కనపడలేదు. ఫిబ్రవరిలో రాసిన రాత. సిరా పాతబడింది. ఓదార్పు కోసం ఐదు నెలల ముందే ఎవరూ అబద్ధం రాసిపెట్టుకోరు కదా. నా రాత చదవడం కష్టమని చెప్పాను. డాక్టర్ల చీటీలు చదువుతున్నాను, నీదెంత అంది.

ముసలి కొంగ అని రాసి ఉంది అందులో. రైల్లో హాయిగా అనిపించిందని రాసి ఉంది. అది కూడా చదువుతారు. ఆ ఒక్క పేజీ చింపేద్దామని బస్టాపులో పది నిమిషాలు కూర్చున్నాను. చింపితే మిగతాది కూడా నమ్మరు. అలాగే ఇచ్చేశాను.

జూలై 11

ఫోన్ లేదు. చేస్తే ఎత్తలేదు. బాల కూడా నాతో అవసరమైనవే మాట్లాడుతోంది. ప్లాంటులో వాల్వు తిప్పుతూ సూపర్‌వైజరు టోపీ మీద బల్లి బొమ్మ పెట్టే ఛాన్సు వచ్చింది. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. బొమ్మ జేబులోనే ఉంచి చెయ్యి బయటికి తీశాను.

జూలై 13

అక్క పుంగోల్ వెళ్ళాల్సిన రోజు. పొద్దున్న తొమ్మిదింటికి కల్పన ఫోన్ చేసి సెరంగూన్ మాల్ కింద, రైలు స్టేషన్ గేటు దగ్గరికి రమ్మంది. సామాన్లు మొయ్యడానికేమో అనుకుని వెళ్ళాను. ఒక్కతే నిలబడి ఉంది. చేతిలో డైరీ.

"అంకుల్, చిన్నప్పుడు నాకు మీరంటే చాలా ఇష్టం" అంది. ఇంకేదో అనబోయి మానేసింది. డైరీ ఇచ్చింది.

"అక్క సామాన్లు?" అన్నాను.

"అమ్మ రావట్లేదు. డాడీ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నిన్న లేచి ఆ మిషన్‌కి చుట్టిన దుప్పటి విప్పేశారు. పొద్దున్న మాత్రల డబ్బా నా చేతిలోంచి తీసేసుకున్నారు. యూ గో బ్యాక్ లా, నేను చూసుకుంటా అన్నారు. నేను మళ్ళీ లెక్కపెట్టాను. కరెక్టే." కార్డు తీసి గేటు వైపు తిరిగింది. "మిమ్మల్ని మాత్రం ఇప్పుడే రావద్దన్నారు. ఎప్పుడో నేనడగలేదు. పదహారున డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను."

వెళ్ళిపోయింది. జనం నా చుట్టూ తిరిగి పోతున్నారు. అక్కడే స్తంభానికి ఆనుకుని డైరీ తెరిచాను.

ముసలి కొంగ దగ్గర గీత కూడా లేదు. రైలు పేజీలో ఏమీ లేదు. జూన్ 14 పేజీ లేదు. బ్లేడుతో కుట్టు దగ్గరికి నీటుగా కోసి ఉంది. దాని స్థానంలో అదే పేజీ జిరాక్స్ తీసి గమ్‌తో అంటించారు. పీచు, కొంగు, జడ, పదకొండూ ఉన్నాయి. నేను బయటికి వచ్చి తలుపు వేశానని రాసిన చోట, కింద అక్క రాత.

"పన్నెండోది మా దగ్గరే ఉండనీ."

అంతా తిరగేశాక మళ్ళీ మొదటికి వచ్చాను. ఫిబ్రవరి పేజీ. పైన తేదీ పక్కన ఎర్ర సిరా గీత. మార్జిన్‌లో బావగారి రాత, ల్యాబ్‌లో సీసాల మీద చీటీలు రాసిన ఆ గుండ్రటి అక్షరాలే, ఒక్కటి కూడా వణకలేదు.

"ఆదివారం కాదు. శనివారం. లక్ష్మికి ఒక్కపొద్దు, అందుకే పళ్ళెం దగ్గరికి రాలేదు. పులిహోర నేను తినలేదు, మొత్తం నువ్వే తిన్నావు. నాకు గుర్తుంది."

ఫోన్‌లో క్యాలెండరు వెనక్కి జరిపి చూశాను. శనివారమే.